పలుగు పడే ముందు

పాత మిద్దె దించి కొత్త స్లాబు వేయించుకోవడం అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఇప్పుడు ఇంటింటి ముచ్చట. ఆ పనిలో ప్రాణం మీదికి వచ్చే చోట్లు ఎక్కడున్నాయి? వాటిని ముందే పసిగట్టేదెలా?

పొద్దున ఆరు కాకముందే పాత సందులో పలుగు చప్పుడు మొదలైంది. ఎండ ముదిరేలోగా మిద్దె మీది మట్టి సగమైనా దించేయాలని మేస్త్రీ తొందర. పైన ముగ్గురున్నారు. ఒకడు పలుగుతో పెళ్లగిస్తున్నాడు, ఒకామె పారతో గంపకెత్తుతోంది, ఇంకొకడు గంపను వీధిలోకి గుమ్మరిస్తున్నాడు. ఏటేటా పరుచుకుంటూ వచ్చిన చౌడు పొరలుపొరలుగా లేస్తోంది. కింద వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. బడికి పోయే పిల్లవాడు నడవలో బూట్లు వేసుకుంటున్నాడు. అవ్వ మంచం దిగనంటోంది.

"ఆ పక్క రేపు కదమ్మా దించేది. ఇయ్యాల ఏం కాదులే" అన్నాడు మేస్త్రీ.

అప్పుడు పైన, కప్పును మోసే ఒక దంతె చిట్లిన శబ్దం. అందరూ ఆగిపోయారు. "ఎవురూ కదలాకండి!" అని మేస్త్రీ అరిచాడు. పైవాళ్లు ఒక్కొక్కరే గోడ మీదికి జరిగారు. అవ్వను మంచంతోపాటే వీధిలోకి మోసుకొచ్చారు. దంతె విరగలేదు గాని, గోడలోకి దూరిన దాని కొసను తవ్వి చూస్తే పైకి నున్నగా ఉంది, లోపలంతా చెదలు తిన్న డొల్ల. వేలితో నొక్కితే పిండిలా రాలింది.

ఆ పూట ఎవరికీ గీత పడలేదు. కానీ "ఏం కాదులే" అన్న మాట మీద నడిచే పని అది. మన ఊళ్లలో ఇంటి పనులన్నీ దాదాపు ఆ మాట మీదే నడుస్తున్నాయి.

పనులన్నీ ఒక్కసారే

ఉగాది దాటాక, తొలకరికి ముందు, ఇక్కడ ఇళ్ల మరమ్మతులు జోరందుకుంటాయి. వేరుశనగ సాగుకు ఇంకా వేళ కాదు, కూలీలు దొరుకుతారు, పెళ్లి ముహూర్తాలుంటాయి. బెంగళూరుకు వలసపోయిన కుటుంబాలు నాలుగు డబ్బులు కూడబెట్టుకుని వచ్చి, ఏళ్లుగా తాళం వేసి ఉన్న ఇంటిని బాగుచేయించుకునేదీ ఇప్పుడే. ఊరి నుంచి రాయదుర్గం పోయినా, బెళుగుప్ప పోయినా, కుందుర్పి పోయినా కూల్చిన గోడలూ, ఇసుక కుప్పలూ, సర్వే కట్టెల మోపులూ కనిపిస్తాయి.

కొత్తగా కట్టే ఇంటికి కనీసం ఒక పటం గీసి ఉంటుంది. పాత ఇంటికి ఏముంది? తాత కట్టించాడు, నాయన ఒక గది పెంచాడు, అన్నదమ్ములు పంచుకుని మధ్యలో గోడ పెట్టారు, ఎవరో రేకుల వసారా దించారు. ఏ బరువు ఏ గోడ మోస్తోందో చెప్పే కాగితం లేదు. చెప్పగలిగిన పెద్దవాళ్లు పోయారు. అందుకే కొత్త ఇల్లు కట్టడం కంటే పాత ఇంటిని మార్చడంలోనే ప్రమాదం ఎక్కువని నా నమ్మకం.

మిద్దె మీద ఎంత బరువు?

మట్టిమిద్దె ఈ సీమ ఎండకు సరిపోయిన ఇల్లు. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆ పైన బండలో చెక్కలో పరిచి, కసువు వేసి, చౌడు మట్టి కప్పుతారు. వెలుతురుకు గవాచి ఉంటుంది. జైసల్మేర్ తర్వాత దేశంలో వాన తక్కువ పడే జిల్లా అని చెప్పుకునే చోట, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే చోట, ఆ కప్పు తరాలు నిలిచింది. మే నెలలో ఆ మిద్దె కింద పడుకున్నవాళ్లకు దాని విలువ తెలుసు.

చిక్కంతా ఎక్కడంటే, వానకు కారకుండా ఏటా కొత్త చౌడు వేస్తారు, పాతది తీయరు. పైన బరువు పెరుగుతుంటుంది, కింద కట్టె వయసు మీరుతుంటుంది. పది అడుగులకు పన్నెండడుగుల గది మీద అడుగు మందం మట్టి ఉందనుకోండి. అది 120 ఘనపుటడుగులు, బరువు ఐదు టన్నులు దాటుతుంది. ఎండు మట్టి లెక్కే ఇది. రెండు రోజులు ముసురు పట్టి నానితే ఇంకో టన్ను కలుస్తుంది. నాలుగేళ్లు కరువొచ్చి అయిదో ఏడు గట్టి వాన పడినప్పుడు మిద్దెలు కూలేది ఇందుకే. ఎండిన ఏళ్లు కట్టె బలహీనతను దాచిపెడతాయి.

మిద్దె దించేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి. పెళ్లగించిన మట్టిని వెంటనే కిందికి వేయకుండా మిద్దె మీదే ఒక మూలకు కుప్ప పోస్తారు. గది మొత్తం మీద పరుచుకున్న బరువు నాలుగు దంతెల మీదికి వస్తుంది. లేదంటే కిందికి వేసిన మట్టిని గోడకు ఆనించి గుట్టగా పోస్తారు. బురద గారతో కట్టిన రాతి గోడను ఆ గుట్ట పక్కనుంచి నెడుతుంది. పాత రాతి గోడలు చాలావరకు రెండు ముఖాల గోడలు. బయటి వరుస ఒకటి, లోపలి వరుస ఒకటి, నడుమ చిన్న రాళ్లూ మట్టీ కూరి ఉంటాయి. రెంటినీ కలిపి పట్టుకునే పొడుగు రాళ్లు అక్కడక్కడే ఉంటాయి. ఒక ముఖం పొట్ట తెచ్చిందంటే ఆ గోడ చెప్పాల్సింది చెప్పేసినట్టే.

┃ దించే వరుస ┃
*మొదట ఇల్లంతా ఖాళీ చేయాలి. ఒక గది దించుతూ పక్క గదిలో కాపురం ఉండకూడదు. మెయిన్ ఆపి, సర్వీసు వైరు తీయించాలి. సిలిండరు బయట పెట్టాలి. దూలాల కింద, ముఖ్యంగా గోడలోకి దూరే కొసల దగ్గర, పోట్లు పెట్టాకే పైకెక్కాలి. మట్టిని రెండు వైపుల నుంచీ సమంగా, పల్చగా తీసుకుంటూ రావాలి. పైవాళ్లు దంతెల మధ్య కాలు పెట్టకుండా అడ్డంగా వేసిన పలకల మీదే నిలబడాలి. ఆ సమయంలో కింద ఎవరూ ఉండరాదు. ఆ తర్వాత బండలు, దంతెలు, దూలాలు. చివరికి గోడలు, అవీ పైవరుస నుంచి కిందికి. అడుగున తవ్వి గోడను ఒక్కసారిగా పడదోసే పద్ధతి వద్దే వద్దు. కప్పు తీసిన ఒంటరి గోడను రాత్రికి అలాగే వదిలి పోకూడదు. ఈ పీఠభూమి గాలికి అది ఎటైనా పడవచ్చు.*

గోడ మనదే, ఆనుకున్నవాళ్లెవరు?

2022 మే 28 తెల్లవారుజామున శెట్టూరు మండలం ములకలేడులో ఒక ఇంట్లో గ్యాస్ సిలిండర్ పేలింది. ఆ అదురుకు ఆనుకుని ఉన్న ఇల్లు కూలి, నిద్రలో ఉన్న నలుగురు ప్రాణాలు కోల్పోయారు. అది మరమ్మతు పనుల్లో జరిగినది కాదు. కానీ మన పల్లెల్లో, పాత సందుల్లో ఇళ్లు ఒకదానికొకటి ఎంతగా ఆనుకుని బతుకుతున్నాయో అంతకంటే కఠినంగా చెప్పే ఘటన లేదు. ఒకరి ఇంట్లో దెబ్బ, ఇంకొకరి ఇంట్లో చావు.

అంతకు ముందు ఏడాది, 2021 నవంబరులో, కుండపోత వానల్లో కదిరిలో మూడంతస్తుల భవనం కూలి పసిపిల్లలతో సహా పలువురు చనిపోయారు. 2023 మార్చి 23న, ఉగాది పండుగ దాటిన రాత్రి, విశాఖపట్నం రామజోగిపేటలో మూడంతస్తుల ఇల్లు కూలి ముగ్గురు మరణించారు. పక్క స్థలంలో జరుగుతున్న తవ్వకమే కారణమై ఉంటుందన్న అనుమానం అప్పట్లోనే వచ్చింది. గుంటూరు లక్ష్మీపురంలో 2016 మే 14న భవనం పునాదుల కోసం తవ్విన గోతిలో మట్టిపెళ్లలు విరిగిపడి ఏడుగురు కూలీలు సమాధయ్యారు.

మన దగ్గర ఈ ప్రమాదం చిన్న రూపంలో ఉంటుంది. కొత్త సంపు కోసమో, మరుగుదొడ్డి గుంత కోసమో గోడ వారనే జేసీబీ పెడతారు. పాత రాతి ఇళ్ల పునాది లోతు తక్కువ, ఒక్కోసారి మోకాటి లోతు కూడా ఉండదు. దాని పక్కన ఎనిమిదడుగుల గొయ్యి తీస్తే పునాది కింది మట్టి జారడానికి దారి ఇచ్చినట్టే. గొయ్యి ఎంత లోతో గోడకు కనీసం అంత దూరం ఉండాలి. చోటు లేకపోతే ఇంజినీరును అడగాలి, మిషన్ ఆపరేటర్ను కాదు. నడుము లోతు దాటిన గొయ్యిలోకి మనిషి దిగాలంటే పక్కలకు పలకలు కొట్టి పోట్లు పెట్టాలి, లేదా పక్కలను వాలుగా తవ్వాలి. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైన తూగుతుంది. మెడ దాకా పూడిన మనిషి ఛాతీ విప్పి ఊపిరి తీసుకోలేడు.

ఇంటి మధ్య గోడ తీసి హాలు పెద్దది చేయడం ఇంకో మోజు. టీవీలో చూసిన హాలు కావాలి. ఆ గోడ మీద దూలం కొస కూర్చుని ఉందేమో పైకెక్కి చూడకుండా సుత్తి ఎత్తకూడదు. గోడ తీయకముందే పైబరువును మోసే ఇనుప దూలమో, కాంక్రీటు బీమో సిద్ధం కావాలి. పని చెప్పే ముందు పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పడం, వాళ్ల గోడల మీది పగుళ్లను ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోవడం తగాదాలు తప్పించడానికే కాదు. పగులు పెరిగిందా లేదా తెలిసేది ఆ ఫొటోలతోనే.

పైన ఇంకో అంతస్తు

ఊళ్లో మిద్దెల మీద తుప్పుపట్టిన కడ్డీలు ఆకాశంలోకి చూస్తూ కనిపిస్తాయి. కొడుక్కు పెళ్లయితే పైన వేసుకోవచ్చులే అని వదిలినవి. పదిహేనేళ్ల తర్వాత ఆ కడ్డీలకే కొత్త కడ్డీలు కట్టి పైకి లేపేస్తారు. కింది పిల్లర్లు, పునాది ఎన్ని అంతస్తులకు వేశారో ఎవరికీ గుర్తుండదు.

2025 మార్చి 26న భద్రాచలంలో పాత కట్టడం మీదే అంతస్తులు పెంచుతూ పోయిన భవనం పేకమేడలా కూలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో కూలిన రానా ప్లాజా సంగతి ప్రపంచమంతా విన్నదే. అనుమతి లేని అంతస్తులు వేసిన ఆ భవనంలో ముందురోజే గోడలకు పగుళ్లు కనిపించాయి. అయినా మర్నాడు కార్మికులను లోపలికి పంపారు. 1,100 మందికి పైగా చనిపోయారు. మన రెండు గదుల ఇంటికీ దానికీ పోలిక ఏమిటని అనిపించవచ్చు. పగులు కనిపించాక కూడా పని ఆపకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

కాంక్రీటు పటుత్వాన్ని పగలగొట్టకుండానే అంచనా కట్టే పరీక్షలున్నాయి. అనంతపురం జేఎన్‌టీయూ వంటి ఇంజినీరింగ్ కళాశాలల సివిల్ విభాగాలను సంప్రదించవచ్చు. పై అంతస్తుకు పెట్టే ఖర్చులో ఆ పరీక్షకయ్యేది చాలా చిన్న మొత్తం.

కొత్త స్లాబు వేశాక నీళ్ల మాట వస్తుంది. మన దగ్గర నీళ్లంటే ట్యాంకరు. పీఏబీఆర్ జలాశయం నుంచి శ్రీరామిరెడ్డి తాగునీటి పథకం నీళ్లు తాగడానికి వస్తే చాలనుకునే ఊళ్లలో స్లాబును రోజుకు రెండుమార్లు తడపాలంటే చేతులు రావు. మూడు రోజులు తడిపి ఆపేస్తారు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ రకానికి కనీసం 10 రోజులు తడి ఆరకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేది పీపీసీయే. గోనెసంచులు పరిచి తడిపితే తక్కువ నీళ్లతో తేమ నిలుస్తుంది. అదే ప్రమాణం ప్రకారం గది వెడల్పు 15 అడుగుల లోపైతే స్లాబు పోట్లు కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు ఉంచాలి. బీముల కిందివి 14 నుంచి 21 రోజులు. సెంట్రింగ్ అద్దె రోజుకింతని పెరుగుతుందని ముందే పీకించడం, నీళ్లు తగ్గించడం, రెండూ ఒకే ఇంట్లో జరిగితే ఆ స్లాబు కింద నిలబడే మొదటి మనిషి సెంట్రింగ్ కూలీయే.

సంపులోకి దిగినవాడు

ఈ కథనంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకునే తీరిక ఉంటే, ఇదే గుర్తుపెట్టుకోండి.

నీళ్లు రోజు విడిచి రోజో, ఇంకా ఆలస్యంగానో వచ్చే ఊళ్లో సంపు లేని ఇల్లు లేదు. ఇంటి పని మొదలుపెట్టినవాళ్లు మొదట వేయించేది సంపే. గోడలు కట్టి, లోపల చెక్కలు కొట్టి, పైన స్లాబు పోస్తారు. మనిషి పట్టేంత మూత ఒక్కటే వదులుతారు. రెండు మూడు వారాలు మూసి ఉంచి, తర్వాత లోపలి చెక్కలు ఊడదీయడానికి ఒక కుర్రవాణ్ణి దింపుతారు. కొత్త సంపు, మురుగు చుక్క లేదు, వాసన లేదు. ఇందులో ఏముంటుందని అందరి ధీమా.

అక్కడే ప్రాణం పోతుంది. తడిసిన చెక్క మూసిన చోట కుళ్లుతూ లోపలి ప్రాణవాయువును తినేస్తుంది, బొగ్గుపులుసు గాలిని వదులుతుంది. మామూలు గాలిలో ప్రాణవాయువు 21 శాతం దాకా ఉంటుంది. అది పది శాతం కంటే దిగువకు పోయిన చోటికి దిగిన మనిషికి దగ్గు రాదు, కళ్లు మండవు, ఊపిరి ఆడటం లేదన్న సంగతే తెలియదు. నిచ్చెన దిగుతూనే తూలి పడిపోతాడు. కరెంటు కొట్టిందేమోననో, కళ్లు తిరిగాయేమోననో పైనున్నవాడు వెంటనే దూకుతాడు. అతని తర్వాత ఇంటాయన. సంపు చావుల్లో ఒకరితో ఆగనివి ఎక్కువ కావడానికి ఇదే కారణం. 2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ముగ్గురు కార్మికులతోపాటు, వాళ్లను కాపాడబోయిన ఒక క్యాబ్ డ్రైవర్ కూడా చనిపోయాడు. దారిన పోతున్న మనిషి, సాయం చేయబోయి పోయాడు.

సంపులోకి దిగే ముందు మూత తీసి ఒక పగలంతా వదలాలి. మూత ఒక్కటే ఉంటే గాలి ఆడదు, అందుకని స్లాబు వేసేటప్పుడే ఎదురు మూలలో రెండో రంధ్రం ఉంచుకోవాలి. టేబుల్ ఫ్యాన్ మూత దగ్గర పెడితే చాలదు. గొట్టంతో గాలిని అడుగుదాకా పంపే బ్లోయర్ కావాలి. మనిషి దిగి పనిచేస్తున్నంతసేపూ అది తిరుగుతుండాలి. దిగేవాడి చంకల కింద తాడు కట్టి, పైన ఇద్దరు పట్టుకుని, నిమిషానికోసారి పిలుస్తూ ఉండాలి. పలకకపోతే లాగేయాలి, ఎవరూ దిగకూడదు. దీపం దించి చూసే పాత అలవాటు మంచిదే. ఆరిపోతే దిగకూడదని అర్థం. అయితే వెలుగుతూ ఉన్నంత మాత్రాన విషవాయువు లేదని కాదు. సెప్టిక్ ట్యాంకులో దీపం దించితే మండే వాయువుకు నిప్పంటుకోవచ్చు.

సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ సరంజామా లేకుండా మనిషిని దింపడం మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. యంత్రం పిలిపిస్తే అయ్యే ఖర్చుకు వెనకాడి మనిషిని దింపేవాళ్లు ఇంకా ఉన్నారంటే బాధేస్తుంది.

┃ గోడకు రాసి పెట్టుకోండి ┃
*అంబులెన్స్ 108. అగ్నిమాపక కేంద్రం 101. అన్ని అత్యవసరాలకూ 112. కరెంటు సిబ్బందికి 1912. కళ్యాణదుర్గంలో ప్రభుత్వ ఆసుపత్రితో పాటు ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. పని మొదలయ్యే రోజే దగ్గరి ఆసుపత్రి నంబరు మేస్త్రీ ఫోన్లోనూ, ఇంటివాళ్ల ఫోన్లోనూ ఉండాలి.*

అగ్గిపుల్ల ప్లగ్గు

బండలు కోసే కట్టర్, గోడ తొలిచే డ్రిల్లు, వైబ్రేటర్, నీళ్ల మోటారు... వీటి వైర్లకు ప్లగ్గు ఉండటం మీరెప్పుడైనా చూశారా? రెండు వైర్ల కొసలు ఒలిచి, సాకెట్ రంధ్రాల్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. మూడో వైరు, అంటే ఎర్త్, గాలిలో వేలాడుతుంటుంది. ఆ వైరు మీదుగా తడి సిమెంటు తట్టలు నడుస్తుంటాయి. నేల తడి, చెయ్యి తడి, కాళ్లకు చెప్పులుండవు.

దీనికి మందు ఉంది, ఖరీదూ పెద్దది కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చు. మనిషి గుండా కరెంటు కారుతోందని పసిగట్టి రెప్పపాటులో కట్టేస్తుంది. ఇల్లు పూర్తయ్యాక వేయించుకుందామని వాయిదా వేస్తారు. అది పని మొదలైన రోజునే కావాలి. మూడు పిన్నుల ప్లగ్గు ఖరీదు టీ ఖర్చుతో సమానం. ఇంటాయనే పది కొనిచ్చి, అగ్గిపుల్లలు కనిపిస్తే పని ఆపించాలి.

పైన తీగల సంగతి వేరు. కడ్డీని నిలువుగా ఎత్తి తిప్పేటప్పుడు వీధిలోని 11 కేవీ తీగకు తగిలి మాడిపోయిన కూలీల వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఆ తీగ గోడకు పక్కగా కనీసం 1.2 మీటర్లు, మిద్దెకు పైన 3.7 మీటర్లు దూరంగా ఉండాలని నిబంధన. అంత దూరం లేదనిపిస్తే పరంజా కట్టకముందే విద్యుత్ శాఖకు దరఖాస్తు పెట్టాలి.

దుమ్ము, రేకు, తేలు

తాడిపత్రి బండలు తీసి గ్రానైట్ వేయించడం గౌరవమైపోయింది. గ్రానైట్‌ను మూసిన గదిలో పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. కట్టర్ మీద సన్నగా నీళ్లు పడుతుంటే దుమ్ము చాలావరకు అణుగుతుంది. దానికైనా ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. టవలు చుట్టుకుంటే చాలదు. ఎన్95 మాస్కు కావాలి. కోత ఆరుబయట పెట్టుకుంటే ఇంట్లోని పసిపిల్లలకూ ఆయాసం ఉన్న పెద్దవాళ్లకూ మేలు.

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేకును సుత్తితో పగలగొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి, ముక్క కాకుండా దించాలి. దాని మీద నడవరాదు. పైకి గట్టిగా కనిపించే రేకు కాలు పెట్టగానే పుటుక్కున విరుగుతుంది. పాత తలుపుల రంగు గీకేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటరాదన్న నిబంధన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు పొడిని పిల్లలు ఆడే చోట రాలనివ్వొద్దు.

రాతి గోడ సందుల్లో తేళ్లు కాపురముంటాయి. రాయిని చేత్తో లాగితే వేలికి కాటు తప్పదు. గడ్డపారతో కదిలించి, కాసేపు ఆగి, గ్లవ్స్‌తో తీయాలి. ఎర్ర తేలు విషం గుండె మీద పనిచేస్తుంది. చెమటలు పోసి, చేతులు కాళ్లు చల్లబడి, వాంతులైతే పసరులూ మంత్రాలూ అంటూ గంటలు పోగొట్టుకోకూడదు. మహారాష్ట్రలోని మహడ్‌లో పల్లె వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే మామూలు మాత్ర ఈ విషానికి విరుగుడుగా పనిచేస్తుందని నిరూపించి ఎన్నో ప్రాణాలు నిలిపారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మందు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో వైద్యులే నిర్ణయించాలి, మనం వేసుకునేది కాదు. మనం చేయాల్సింది ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చడం.

బాధ్యత ఎవరిది?

పెద్ద కట్టడానికి ఇంజినీరు ఉంటాడు, సేఫ్టీ ఆఫీసరు ఉంటాడు. ఇంటి మరమ్మతుకు ఎవరున్నారు? 1996లో వచ్చిన భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం పదిమంది, ఆపైన కార్మికులున్న పనులకే వర్తించింది. సొంతింటి కోసం చేయించుకునే పని ఖర్చు 10 లక్షలు దాటకపోతే యజమానిని పక్కన పెట్టింది. చిన్నవాళ్లకు కాగితాల బరువు తప్పించాలన్నది మంచి ఉద్దేశమే. కానీ మట్టిమిద్దె దించే పని, సంపు చెక్కలు ఊడదీసే పని ఆ పది లక్షల లోపలే జరుగుతాయి. బ్రిటన్‌లో 2015 నుంచి అమల్లో ఉన్న నిర్మాణ నిబంధనలు సొంతింటి మరమ్మతును కూడా వదల్లేదు. ఇంటి యజమానికి ఉండాల్సిన బాధ్యతలను పని తీసుకున్న కాంట్రాక్టరు మీద పెట్టాయి. మన దగ్గర అలాంటి గీత ఎవరూ గీయలేదు. కాబట్టి ఇంటాయన, ఇంటావిడ, మేస్త్రీ... ఈ ముగ్గురే అక్కడి చట్టం.

గుత్త పద్ధతి దీన్ని ఇంకా కష్టం చేస్తోంది. మిద్దె దించడానికి ఇంతని మాట్లాడుకుంటాం. ఎన్ని రోజులు తగ్గితే మేస్త్రీకి అంత మిగులు. పోట్లు పెట్టడానికి ఒక పూట పోతుంది కాబట్టి పోట్లు ఎగిరిపోతాయి. తప్పు మేస్త్రీ ఒక్కడిదే అంటే నేను ఒప్పుకోను. బేరమాడేటప్పుడు మనం ఆ పూటకు డబ్బు లెక్కగట్టలేదు. దించే పనిని గుత్తకివ్వకుండా రోజుకూలీకి చేయించుకుంటే తొందర తగ్గుతుంది. గుత్తకే ఇస్తే పోట్లు, హెల్మెట్లు, బ్లోయర్ అద్దె విడిగా ఇంటివాళ్లే పెట్టుకోవాలి. "హెల్మెట్ పెట్టుకుంటే ఉక్క పోస్తాది సార్" అంటారు, నిజమే. 42 డిగ్రీల ఎండలో పోస్తుంది. అందుకే పొద్దున ఆరుకు మొదలుపెట్టి పదకొండుకు ఆపి, సాయంత్రం మళ్లీ చేయించుకోవాలి. నీడ, కుండ నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇంటివాళ్లు సమకూర్చాలి. గంపలు మోసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి చూపించాలి. లేదంటే వాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. వడదెబ్బకు మొదట పడిపోయేది వాళ్లే.

ఇంకొక పని ఉంది, అరగంటది. మన ఇంటికొచ్చిన బేల్దారికి, సెంట్రింగ్ కుర్రవాడికి, గంప మోసే అక్కకు నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు ఉందో లేదో అడగండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు నమోదుకు అర్హులు. చాలామంది దగ్గర ఉండదు. ఎక్కడ రాయించుకోవాలో తెలియదు, పని చేసినట్టు చెప్పే కాగితం ఎవరూ ఇవ్వరు. మన ఇంట్లో ఎన్ని రోజులు చేశారో ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. కార్మిక శాఖ కార్యాలయంలో నమోదుకు వెళ్లినప్పుడు చేతిలో చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.